చలనచిత్రములును సర్కారు శాసనములును

చలనచిత్రములపై ప్రభుత్వమునకు ఎంత అధికారము ఉండవలెనను వాదము మన దేశమున నూఱేండ్లకు పైబడి సాగుచున్నది. సర్కారు కత్తెర మితిమీఱి పదునెక్కినదనియు, కళాకారుని నోరు నొక్కబడుచున్నదనియు ఒక పక్షమువారు మొఱపెట్టుదురు. ఆ కత్తెర మొక్కవోయినదనియు, తెరమీద నానాటికి మర్యాద సన్నగిల్లుచున్నదనియు వేఱొక పక్షమువారు విలపింతురు. ఈ ఇరువురి కలహమును తెరమీదికి వచ్చిన చిత్రమును గూర్చినదే. తెరదాక రాలేక దారిలో నిలిచిపోయిన చిత్రముల మాట యెత్తువారు అరుదు. ఏ చిత్రము మన యూరికి వచ్చును, ఏది రాదు, ఆ నిర్ణయము ఎవరి చేతిలో నున్నది, అందు ప్రభుత్వము పాలు ఎంత అను ప్రశ్నలనే ఈ వ్యాసమున విచారింపదలచినాము.

ఇది సినిమా వర్తకుల సంగతి కదా, గృహస్థులకు దీనితో పనియేమని పాఠకులు అడుగవచ్చును. మన యిండ్లలో పుస్తకము తెఱచువారికంటె చిత్రము చూచువారే అధికులు. ప్రేమ యననేమి, పౌరుషమననేమి, ఆడుదానికి తగిన నడవడి యెట్టిది, ధనవంతుడెట్లుండును, పేదవాడెట్లుండును అను విషయములను మన బిడ్డలు బడిలో నేర్చుకొనుటకు ముందే తెరమీద నేర్చుకొనుచున్నారు. ఉపాధ్యాయ వృత్తిలో నున్న మేము దీనిని ప్రతిదినము చూచుచున్నాము. బిడ్డకు ఒకే కూర ప్రతిపూట వడ్డించిన తల్లిని లోకము నిందించును. ఒకే విధమైన కథను ప్రతివారము వడ్డించు తెరను మాత్రము ఎవరును నిందింపకున్నారు.

ముందుగా శాసనముల స్వరూపమును చెప్పుదుము. 1918లో ఆంగ్లప్రభుత్వము చేసిన సినిమాటోగ్రాఫు చట్టము రెండు తలుపులను నిర్మించినది. మొదటిది చిత్రమును ముందుగా పరీక్షించి యోగ్యతాపత్రము నిచ్చుట. రెండవది ప్రదర్శనశాలకు లైసెన్సు నిచ్చుట. 1920లో బొంబాయి, కలకత్తా, మదరాసు, రంగూను నగరములందు పరీక్షక మండలులు ఏర్పడినవి. స్వాతంత్ర్యానంతరము మన రాజ్యాంగము ఈ రెండు తలుపులను ఇరువురికి పంచియిచ్చినది. చిత్రమును ఆమోదించు అధికారము కేంద్రమునకును, సినిమాశాలలపై అధికారము రాష్ట్రములకును దక్కినవి. కేంద్రము 1952లో తన చట్టమును, ఆంధ్రరాష్ట్రము 1955లో సినిమాల క్రమబద్ధీకరణ చట్టమును చేసినవి. కావున ఒక చిత్రము మన యెదుటికి రావలెనన్న మొదటి తలుపువద్ద దానిలో నేమున్నదని యడుగుదురు; రెండవ తలుపువద్ద శాల యెట్టిది, టికెట్టు వెల యెంత, దినమునకు ఎన్ని ఆటలు అని యడుగుదురు. లోకము దృష్టి అంతయు మొదటి తలుపుమీదనే యుండుట మన పొరపాటు.

మొదటి తలుపు కథకు తెలుగునాట ప్రసిద్ధమైన దృష్టాంతము ‘రైతుబిడ్డ’. 1938లో అస్పృశ్యతను ఖండించుచు ‘మాలపిల్ల’ను తీసిన గూడవల్లి రామబ్రహ్మముగారు, మఱుసటి యేడు సారథి సంస్థ పక్షమున ఈ చిత్రమును తీసిరి. చల్లపల్లి జమీందారగు యార్లగడ్డ శివరామప్రసాదుగారు ఆ సంస్థకు అధిపతులు. ఒక జమీందారు ధనముతో జమీందారీ దౌష్ట్యమును నిరూపించు చిత్రము వెలువడుట ఆశ్చర్యమే. టంగుటూరి ప్రకాశముగారి అధ్యక్షతను జమీందారీ రైతుల స్థితిని విచారించిన సంఘము 1938లో నివేదిక సమర్పించియుండెను. ఆ వేడి చల్లారకమునుపే ఈ చిత్రము బయటికి వచ్చినది. బళ్ళారి రాఘవగారు ధరించిన రైతు అప్పులపాలగుట జమీందారులకు అంత కష్టము కలిగించి యుండదు. ఋణబాధలను గూర్చిన కన్నీటి కథలను దొరలును ఓర్తురు. జమీందారు నిలిపిన అభ్యర్థిని కాదని ఆ రైతు రైతుపక్షమును బలపఱచుటయే వారికి కంటకమైనది. కరుణరసము ఉన్నంతవఱకు బాధలేదు; బీదవాడు తన వోటు తనదేయని తెలిసికొన్నచో బాధ. జమీందారుల యాగ్రహము ఫలించి చిత్రము నిషేధమునకు గుఱియైనది. నాటి విమర్శకు డెవ్వడును ఈ చిత్రము బలమెచ్చట నున్నదో ఆ నిషేధమంత స్పష్టముగా చూపియుండడు.

ఇక మా ప్రాంతపు స్థితి వేఱు. తరిగొప్పుల నేడు జనగామ జిల్లాలో ఒక మండల కేంద్రము. నాడు ఇది నిజాము రాజ్యము. ఇచ్చట చిత్రము మాట యటుండ, నలుగురు కూడి సభ చేసికొనుటకే గస్తీ నిషాన్ తిర్పన్ అనగా 53వ ఉత్తరువు అడ్డు. సర్కారు అనుమతి లేనిదే సభ లేదు. ఈ జనగామ తాలూకాలోని కడవెండిలో 1946 జూలై 4వ తేదీన దొడ్డి కొమరయ్య తుపాకిగుండుకు నేలకొఱిగెను. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన చేను గింజలకొఱకు దొరతో పోరాడెను. ఈ కథను సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావుగారలు 1947లో ‘మాభూమి’ నాటకముగా వ్రాసిరి. ప్రజానాట్యమండలి దళములు కోస్తా జిల్లాలలో దానిని ఊరూర ఆడినవి. కొలది కాలమునకే మదరాసు ప్రభుత్వము నిషేధించినది. కథ పుట్టినచోట నిజాము శాసనము, కథ ఆడినచోట మదరాసు శాసనము. ఇరువైపుల తలుపులు మూసికొన్నవి.

స్వతంత్ర భారతమున ఈ నిషేధములకు న్యాయస్థానములు కొన్ని హద్దులు గీచినవి. 1970లో ఖ్వాజా అహ్మదు అబ్బాసుగారి వ్యాజ్యమున సుప్రీముకోర్టు చిత్రములను ముందుగా పరీక్షించుట రాజ్యాంగవిరుద్ధము కాదని తీర్పు చెప్పినది. ఆ తీర్పు మాకు సంపూర్ణముగా రుచింపకపోయినను, పరీక్షకు స్పష్టమైన నియమములు ఉండవలెనని అది చెప్పిన మాట మెచ్చదగినది. 1989లో ఒక తమిళ చిత్రమును గూర్చి అదే న్యాయస్థానము ఇంకొక మంచి మాట చెప్పినది: అల్లరి చేయుదుమని కొందఱు బెదరించినంత మాత్రమున చిత్రమును ఆపరాదు, అల్లరిని ఆపుట ప్రభుత్వ ధర్మము. 2006లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము ‘డావిన్సీ కోడ్’ అను ఆంగ్లచిత్రమును 1955 నాటి చట్టము క్రింద నిలిపివేయగా, మన ఉన్నతన్యాయస్థానము ఆ యుత్తరువును కొట్టివేసినది. కేంద్ర మండలి పరీక్షించి పంపిన చిత్రమును రాష్ట్రము భయముచేత ఆపజాలదని మన యింటి కోర్టులోనే తేలినది. 2023లో సవరించిన కేంద్రశాసనము పిల్లల వయస్సును 7, 13, 16 ఏండ్లుగా విభజించి, తల్లిదండ్రుల వివేచనకు కొంత తావిచ్చినది. నిషేధముకంటె ఇట్టి సూచన మేలు. ఏది చూపవలెనో తల్లిదండ్రులు తెలిసికొనవలెను గాని, వారికి బదులు పోలీసు తెలిసికొనుట తగదు.

మొదటి తలుపు ఇట్లు కొంత తెఱచుకొన్నది. మఱి చిత్రములు మన యెదుటికి వచ్చుచున్నవా?

1979లో ‘మాభూమి’ పేరుననే, కిషన్ చందరు ఉర్దూ నవల ఆధారముగా, బి. నరసింగరావు, జి. రవీంద్రనాథుగారలు చిత్రమును నిర్మించిరి. దర్శకుడు గౌతమ్ ఘోష్ వంగదేశీయుడు. తెలంగాణపు కథను పంజాబీ కుటుంబమున పుట్టిన ఉర్దూ రచయిత వ్రాయగా, వంగీయుడు తెరకెక్కించెను! ఇట్టి చిత్రములు బయటి గాలికి తెఱచుకొన్న ఇంటనే పుట్టుననుటకు ఇంతకంటె సాక్ష్యము వలదు. రంగు పూయని ముఖములు, నిజమైన పల్లె, నిజమైన గడీ దానికి బలము. 1988లో నరసింగరావుగారు తామే ‘దాసి’ని తీసిరి. వధువువెంట అరణముగా గడీకి పంపబడు ఆడబాప బ్రతుకు దాని వస్తువు. అందు మాటలు తక్కువ. నీళ్లు మోయుట, కాళ్లు కడుగుట, పక్క పఱచుట, పిలిచినపుడు పోవుట మాత్రమే యెక్కువ. ఈ మితభాషిత్వమే దాని గొప్పతనము. వెట్టి యనునది ఉపన్యాసము కాదు, ప్రతిదినము తెల్లవాఱునప్పటికి మొదలగు పని యని దానిని చూచినవారికి ఎముకలలోనికి ఎక్కును. చిత్రము నడక మందకొడి యని కొందఱందురు. దాసి దినము కంటె చిత్రము త్వరగా నడువవలెనని కోరుట న్యాయము కాదని మా యభిప్రాయము. దానికి 5 జాతీయ బహుమానములు వచ్చినవి. నాయిక అర్చనగారు ఉత్తమనటిగా ఎన్నికైరి.

‘దాసి’ని ఎవరును నిషేధింపలేదు. ఏ దొరయు దానిపై ఫిర్యాదు చేసి ఆపించిన జాడలేదు. ఐనను గడీల గడ్డయగు మా జిల్లాలో దానిని శాలలో కూర్చుండి చూచితిమను వారిని వెదకి పట్టుకొనవలసి యున్నది. ‘రైతుబిడ్డ’ను ఆపుటకు ఒక ఉత్తరువు కావలసి వచ్చినది. ‘దాసి’ని ఆపుటకు ఉత్తరువే అక్కఱలేకపోయినది. ఇదియే రెండవ తలుపు మహిమ. నిషేధింపబడిన చిత్రమునకు కనీసము కీర్తియైనను మిగులును. ఆడనిచిత్రమునకు అదియు లేదు.

రెండవ తలుపువద్ద ప్రభుత్వము చేయు పనులను ఇప్పుడు పరికింతము. 2021 ఏప్రిలులో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము టికెట్టు వెలలను బాగుగా తగ్గించి, గ్రామపంచాయతీలలోని సాధారణ శాలలలో తక్కువ తరగతికి 5 రూపాయలుగా నిర్ణయించెను. పేదవాని పక్షమని దీనిని మెచ్చినవారు కలరు. శాల నడుపుటకే చాలని వెల శాలను మూయించునే గాని పేదవానికి చిత్రమును చూపజాలదు. అంతలో వ్యవహారము న్యాయస్థానమున కెక్కినది. 2021 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వము ఇందుకు మాఱుగా చల్లని శాలలకు 50 మొదలు 150 వఱకు, మల్టీప్లెక్సులకు 100 మొదలు 250 వఱకు వెలలు నిర్ణయించెను. పిదప పెద్ద చిత్రములు వచ్చినపుడెల్ల ప్రత్యేకోత్తరువులతో ఈ హద్దులు దాటుటకు అనుమతులు లభించుచు వచ్చినవి. 2024 డిసెంబరు 4వ తేదీ రాత్రి హైదరాబాదులోని సంధ్యా థియేటరువద్ద ‘పుష్ప 2’ ప్రత్యేక ప్రదర్శనవేళ జరిగిన తొక్కిసలాటలో ఒక తల్లి ప్రాణము కోల్పోయినది. ఇకమీదట బెనిఫిట్ షోలు గాని వెలల పెంపు గాని యుండవని ఆ నెలలోనే శాసనసభలో ముఖ్యమంత్రి ప్రకటించిరి. 2025 జనవరిలో వేఱొక పెద్ద చిత్రమునకు పెంపు అనుమతింపబడుటయు, ఉన్నతన్యాయస్థానము ప్రశ్నించిన మీదట ఆ యనుమతి ఉపసంహరింపబడుటయు జరిగినవి. శాసనము నిలుకడ లేనిదైనప్పుడు, దానిని వంచగలవానికే అది లాభకారి యగును. చిన్న చిత్రము తీయువాడు సచివాలయపు మెట్లెక్కి ప్రత్యేకోత్తరువు తేగలడా?

2022 మార్చిలో ఆంధ్రప్రదేశమున వెలువడిన ఉత్తరువు ఈ విషయమున పరీక్షింపదగినది. దినమునకు 5 ఆటలు ఆడుకొనవచ్చును, ఐతే అందొకటి 20 కోట్లకు మించని వ్యయముగల చిన్న చిత్రమునకు, ఉదయము 11 గంటలకును రాత్రి 9 గంటలకును మధ్య కేటాయింపవలెనని అందు చెప్పబడినది. నడిరాత్రి ఆటను చిన్నవానికి పడవేసి చేతులు దులుపుకొనక, కుటుంబములు రాదగిన వేళను నియమించుట మెచ్చదగిన పని. కాని ఆ యుత్తరువే, నాయకుని, దర్శకుని పారితోషికములు కాక 100 కోట్లు వెచ్చించిన చిత్రమునకు మొదటి 10 దినములు అధికవెలల అవకాశమిచ్చినది. ఒక చేత చిన్నవానికి పీట వేసి, వేఱొక చేత పెద్దవానికి సింహాసనము వేసినట్లైనది. చేసిన ఖర్చునుబట్టి చిత్రమునకు గౌరవమిచ్చుట పెండ్లి ఖర్చునుబట్టి కాపురమును మెచ్చుకొనుటవంటిది.

“జనులు కోరినదే మేము చూపుచున్నాము, ఎవరిని బలవంతపెట్టితిమి?” అని శాలలవారు అందురు. ఈ వాదమున కొంత సత్యము లేకపోలేదు. శాల నడుపువాడు వర్తకుడు; అతనికి దీపముల ఖర్చు, పనివారి జీతములు ఉన్నవి. కాని కోరుట యనునది చూచిన పిదప కలుగును. ఎన్నడును చూపనిదానిని జనులు కోరలేదనుట, పెట్టని అన్నమును అతిథి తినలేదనుటవంటిది. 2023లో యెల్దండి వేణుగారి ‘బలగం’ ఈ వాదమునకు మంచి యుత్తర మిచ్చినది. ఒక ముసలివాని చావు, ముద్దను ముట్టని కాకి, చిన్న మాటకు విడిపోయిన అక్కచెల్లెండ్రు, అన్నదమ్ములు; ఇంతే కథ. ఇందు యుద్ధములు లేవు, విదేశపు వీధులు లేవు. మా యిండ్లలో వినబడు మాట, మా యిండ్లలో జరుగు కర్మ. కథ తుదను బుడగజంగముల పాటకు కుటుంబము కరగుట కొంత వేగముగా జరిగినదని మాకు తోచినది. ఏండ్ల పగ ఒక పాటతో తీఱునా యను సందేహము పోలేదు. ఐనను తెలంగాణ పల్లెలు దానిని తమదిగా గ్రహించినవి. ఊరి నడుమ తెర కట్టి, చాపలు పఱచి, పల్లెపల్లెల జనులు కలసి చూచి, కలసి ఏడ్చిరి. జనులకు ఇట్టివి వలదను మాట అచ్చటనే తీఱిపోయినది.

ఆ ప్రదర్శనములు శాసనప్రశ్నను గూడ లేవదీసినవి. హక్కుదారుల అనుమతి లేని ఆటలను గూర్చి ఆక్షేపణ వచ్చినది. ఆ యాక్షేపణ న్యాయమే. చిత్రము తీసినవాని కష్టమును ఉచితముగా అనుభవించుట ధర్మము కాదు. లైసెన్సు లేనిచోట జనమును గుమికూర్చుట క్షేమము కాదు. మఱి శాలలేని పల్లెవాడు ధర్మముగా చూచు మార్గమేది? అతడు బస్సెక్కి జనగామకో హనుమకొండకో పోవలెను. ఆడువారు, వృద్ధులు ఇంటనే యుండవలెను. ధర్మముగా చూచు దారి లేనిచోట శాసనము నిందింపగలదే గాని దిద్దజాలదు.

ఇతరదేశములు ఈ చిక్కును ఎట్లు విప్పజూచినవో తెలిసికొందము. ఇంగ్లండు 1927లో తన దేశపు చిత్రములకు శాలలలో ఇంతభాగమని నియమము చేసినది. లెక్క నింపుటకై చౌకబారు చిత్రములు తొందరతొందరగా తీయబడి, ఆ నియమమే నవ్వులపాలైనది. దక్షిణకొరియాలో శాలలు ఏడాదికి 146 దినములు స్వదేశచిత్రములు ఆడవలెనను నియమము చాలకాలముండి, 2006లో 73 దినములకు తగ్గినది. ఆ దేశపు చిత్రములు నేడు లోకమంతట మన్ననలందుచున్నవి. కేవలము ఆ నియమమువలననే వృద్ధి కలిగినదని మేమనము, కాని ఎదుగువఱకు నీడనిచ్చిన దనవచ్చును. ఫ్రాన్సు దేశమున ప్రతి టికెట్టునుండి కొంతభాగము ఒక నిధికి చేరును; ఆ నిధి చిత్రనిర్మాణమునకు, చిన్న శాలలకు తోడ్పడును. పెద్ద చిత్రమునకు వచ్చు జనమే చిన్న చిత్రమును పోషించునన్నమాట. మన దేశముననే ప్రతి ఆటకు ముందు సర్కారువారి వార్తాచిత్రమును విధిగా ఆడవలెనను నియమ ముండెడిది. 1999లో సుప్రీముకోర్టు దానిని సమర్థించెను. ఉద్దేశము జ్ఞానవ్యాప్తి, ఫలితము, ఆ వేళకు జనులు వెలుపల బీడీలు కాల్చుకొనుట. సర్కారు తానే యెంచిన చిత్రమును జనులపై రుద్దినచో అది వైవిధ్యము కాదు, సర్కారు సొంత డప్పు.

కావున మా సూచనలు నాలుగు. చిత్రమును ఆపుటకు గాని కత్తిరించుటకు గాని కారణములను ప్రభుత్వము బహిరంగముగా ప్రకటింపవలెను. అధికవెలకు అనుమతి పొందిన ప్రతి చిత్రమువలన వచ్చు పెంపులో కొంతభాగము చిన్న చిత్రముల ప్రదర్శననిధికి చేరవలెను. అధికవెల పుచ్చుకొను శాల కుటుంబములు రాదగిన వేళ ఒక ఆటను చిన్న చిత్రమునకు విడువవలెను. ఆ చిత్రమును అధికారి అభిరుచి ప్రకారము కాక, ముందు వచ్చినవారికి ముందు అను వరుసతో ఎంచవలెను. పూర్వము డేరాలలో ఆడిన టూరింగు టాకీలకు సర్కారు లైసెన్సు లిచ్చెడిది. ఆ మర్గమునే నేటి చిన్న యంత్రములకు తగినట్లు సులభపఱచి, హక్కుదారునకు చెల్లింపవలసిన రుసుమును ముందే నిర్ణయించినచో పల్లెలో ఆట ధర్మమును క్షేమమును రెండును అగును. నాలుగవది గ్రంథాలయము. ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయపు పన్నును మనము చెల్లించుచునే యున్నాము. ‘దాసి’, ‘మాభూమి’ వంటి చిత్రములకు ప్రదర్శనహక్కులను కొని, జిల్లా, మండల గ్రంథాలయములలో నెలకొకటి చూపుటకు అడ్డమేమి?

సర్కారు తలుపు తెఱచినంతమాత్రమున పని తీఱదు. తెఱచిన తలుపులోనికి పోవలసినవారము మనము. మంచి చిత్రము ఊరికి వచ్చిన మొదటి మూడు దినములలోనే దాని బ్రతుకు తేలిపోవును. నాలుగవ దినమున పోయి, అప్పుడే తీసివేసినారేయని చింతించుట వ్యర్థము. స్త్రీలను, పిల్లలను వెంటబెట్టుకొని మొదటి దినములలోనే పోవు అలవాటు గృహస్థులు చేసికొనవలెను. పోయి వచ్చిన పిదప నచ్చినది నచ్చనిది ఇంట మాటలాడుకొనవలెను. కడవెండి పేరు, పాలకుర్తి పేరు మన బిడ్డలకు పరీక్షలో ఒక మార్కు తెచ్చు ప్రశ్నలుగా మాత్రమే మిగులరాదు. ఐలమ్మ చేనిగట్టున నిలిచిన కథను తెరమీద చూడక పెరిగిన తరము, ఆమెను విగ్రహముగా మాత్రమే ఎఱుగును. విగ్రహమునకు దండ వేయుట సులభము. ఆమె కథ ఆడుటకు ఒక ఆటవేళను, ఒక తెరను ఇప్పించుటయే కష్టము. ఆ కష్టమైన పనినే సర్కారువలనను, శాలలవారివలనను, మనవలనను మేము కోరుచున్నాము.